అత్తయ్యకు సరిపోయే ఈ-బుక్ రీడర్

చూపు మందగించి, ఏడాదిగా మా అత్తయ్య పుస్తకం ముట్టలేదు. ఆవిడకు ఈ-బుక్ రీడర్ కొనేముందు చూపిద్దామని, నర్సీపట్నంలో నాతో పనిచేసే టీచర్ల దగ్గర రెండు రకాలు అడిగి తెచ్చాను. ఈ రోజు బడి నుంచి రాగానే మొదటిది చేతికిచ్చాను.

"ఏటమ్మా ఇది, ఒత్తులన్నీ ఊడిపోనాయి! నా కళ్లు పూర్తిగా పోనాయేటి?" ఆవిడ కళ్లు నులుముకున్నారు.

"మీ కళ్లు కాదు అత్తయ్యా, దీంట్లో తెలుగే సరిగ్గా రావడం లేదు" అన్నాను. కానీ నాకూ భయం పట్టుకుంది. రెండోది తెరిచి అక్షరాలు పెంచాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఇంకా పెంచాను. తెర మీద నాలుగు వరుసలే మిగిలాక పెదవులు కదిలాయి. మెల్లగా పైకి చదివారు.

"బేగి పేజీ తిప్పమ్మా, కథ ఆగిపోనాది!"

అలాంటిదే కొంటాం. ప్రస్తుతం ఆవిడ కథలో పడి, పిలిచినా పలకడం లేదు, టీ చల్లారిపోతోంది. మీ ఇళ్లలోనూ ఇంతేనా?