దాటిపోనా గురూజీ?

జగదల్‌పూర్ హైస్కూల్లో రామనర్సయ్య పగలు లెక్కలు చెప్పేవాడు, తెల్లవారుజామున పరుగు నేర్పేవాడు. పంచె ఎగ్గట్టి, గొడుగు చంకన పెట్టి ముందు ఆయన, వెనక పిల్లలు. ఇంద్రావతి ఒడ్డే గమ్యం. నియమం ఒకటే: పరుగులో నోరు మెదపకూడదు. మాట ఊపిరిని తాగేస్తుందని ఆయన నమ్మకం.

ఇరవై నాలుగేళ్ళలో ఆయన్ని ఒక్కడూ దాటలేదు.

దాటలేక కాదు. చింతలనార్ నుంచి వచ్చిన శిష్యుడు ఆయతు, బడి వదిలి సంస్థానం టపా మోసే పనిలో చేరాడు. అడవిలో అతను వస్తుంటే కుందేళ్ళు పక్కకు జరిగి దారిచ్చేవట. అలాంటివాడు కూడా గురూజీ మడమల వెనకే ఉండిపోయాడు. వాళ్ళ వైపు బాటమీద పెద్దవాళ్ళు ముందు నడుస్తుంటే "దాటిపోనా?" అని అడగాలి, వాళ్ళు "పో" అన్నాకే దాటాలి. అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే నియమం తప్పుతుంది.

ఏటేటా గురూజీ మోకాళ్ళు మొరాయించాయి. పరుగు నడకయింది. నడక, ఆకుమీద మంచుబొట్టు జారినంత మెల్లనయింది. చివరి ఏడు, గడ్డి మేస్తూ మేస్తూనే ఒక ఆవు ఆ పరుగుదండును దాటిపోయింది. చింతపండు గంపతో సోమమ్మ రోజూ దాటేది. ఆమె ఆయనకన్నా పదేళ్ళు పెద్ద, ఎవర్నీ అడగక్కర్లేదు.

"ఏంది తమ్మీ, ఊరేగింపా?" అనేది.

ఆయన కొలువు ముగిసిన రోజు పాత శిష్యులు అరవైమంది శాలువాతో వచ్చారు. రామనర్సయ్య దాన్ని ముట్టుకోలేదు.

"పరుగు నేర్పలేని పంతులుకు శాలువా ఏందిరా? రేపు పొద్దున ఒక్క పరుగు. ఆ ఎనక బండెక్కి మా ఊరు తర్లగూడ పోత."

ఆయన ఎందుకలా అన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మర్నాడు అందరూ నోరు మూసుకుని వెనక నడిచారు, క్షమించండి, పరిగెత్తారు. ఈయన ఇలాగే వెళ్ళిపోతాడా అనుకున్నాడు ఆయతు. అప్పుడే సోమమ్మ పక్కకొచ్చి గుసగుసలాడింది.

"ఇన్నేండ్లల్ల ఒక్కడు గూడ నన్ను దాటలే అక్కా అని నిన్న మీ గురూజీ నా గంప కాడ కూసోని ఏడ్చిండు. నీకు కాళ్ళున్నయి గదరా!"

ఆయతు నోరు తెరిచాడు. "గురూజీ... దాటిపోనా?"

"పరుగుల మాటలేందిరా!"

అలా కసిరి, మూడడుగులు వేసి, ఠక్కున ఆగాడు. వెనక అరవైమంది ఒకరిమీద ఒకరు పడ్డారు.

"ఇన్నేండ్లు... ఇదా?"

"అడగనియ్యవైతివి గద, గురూజీ."

రామనర్సయ్య బాట పక్కకు జరిగాడు. ఎండ లేకపోయినా గొడుగు విప్పుకున్నాడు. "పో" అన్నాడు.

ఆయతు పోయాడు. అతను నిలబడ్డ చోట కాసేపు గాలి మాత్రం మిగిలింది.

"దాటిపోనా గురూజీ?" అంటూ బొజ్జ పట్టుకుని లచ్చు.

"పో. భుజాలు దించు."

హాజరు పిలిచినట్టే అరవైమందికీ "పో" చెప్పాడు. చివర బుధ్రాం మిగిలాడు. అడిగాడు గానీ ఆయాసంతో కదల్లేకపోయాడు. గురూజీయే రెండడుగులు వెనక్కి వేసి, "దాటినవ్ పో" అన్నాడు.

శిష్యుల మడమలు ఎలా ఉంటాయో ఆయన చూడటం అదే మొదలు. తాపీగా సోమమ్మ దగ్గర ఒక చింతపండు ఉండ కొనుక్కుని, చప్పరిస్తూ ఏటి ఒడ్డుకు అందరికన్నా ఆఖరున చేరాడు.

వాళ్ళు రొప్పుతూనే శాలువా కప్పబోయారు.

"ముందు ఊపిరి తీసుకోండిరా," అన్నాడు, భుజాలు వంచి.