ఉత్త అన్నం తిన్న శుక్రవారం

ఆ సాయంత్రం నా కూతురు అన్నం కలపకుండా వేలితో కంచంలో అటూ ఇటూ నెడుతూ, "డాడీ, ఆర్ వీ పూర్?" అని అడిగింది.

నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఐర్లండ్‌లోని ఈ స్వోర్డ్స్ ఊళ్ళో మాది అద్దె ఇల్లే కానీ, ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. లేమి అనేది పిల్లకు తెలిసే అవకాశమే లేదు.

"ఎవరన్నరు బిడ్డా?" అన్నాను.

ఎవరూ అనలేదట. దాని మాటలు కూడగట్టుకుంటే విషయం తెలిసింది. అది చదివేది మా ఇంటికి దగ్గర్లోని కేథలిక్ బడిలో, మూడో తరగతి. మేం హిందువులమైనా బడి మమ్మల్ని ఎప్పుడూ వేరుగా చూడలేదు. అంతకు ముందు వారం ఫాదర్ వచ్చి పిల్లల నుదుట బూడిదతో సిలువ గుర్తు పెడుతుంటే, విబూదే కదా అని ఇది కూడా వెళ్ళి నుదురు చూపించింది. దాంతో ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం మొదలైంది. ఆ రోజుల్లో పిల్లలు ఇష్టమైనదేదో ఒకటి మానుకుంటారు, ఇతరులకు ఏదో ఒక సాయం చేస్తారు. రాబోయే శుక్రవారం లంచ్ బాక్సులు మానేసి అందరూ ఒక చిన్న గిన్నెడు ఉత్త అన్నం తినాలి. అలా లంచ్ ఖర్చులో మిగిలిన డబ్బు ఎక్కడో దూరదేశాల్లో ఆకలితో ఉన్న పిల్లలకు పోతుంది.

టీచర్ ఒక ఫొటో చూపించిందట. అందులో తన ఈడు పాప నేల మీద కూర్చుని స్టీలు పళ్ళెంలో అన్నం చేత్తో తింటోంది. "ఈ పాప రోజూ తినేది ఇదే" అని టీచర్ అనగానే మా పిల్ల చెయ్యెత్తి, "మేమూ రోజూ ఇదే తింటాం" అంది. తరగతంతా దాని వైపు తిరిగి చూసింది. విరామంలో దాని స్నేహితురాలు జాలిపడి తన బిస్కెట్లన్నీ ఇచ్చేసింది. ఆ బిస్కెట్లే మా పిల్లను ఎక్కువగా బాధపెట్టాయి.

నాకు నవ్వొచ్చింది. "నవ్వకు. పిల్ల నిజంగనే బాధపడుతున్నది" అంది నా భార్య.

తర్వాత మూడు రోజులు అది అన్నం ముట్టలేదు. బ్రెడ్డు, లేకపోతే పాస్తా. నాకు కోపం వచ్చింది కానీ ఎవరి మీదో తెలియలేదు. ఇంటి నుంచి పనిచేసే రోజున, పొద్దున్నే బడి గేటు దగ్గర టీచర్‌ను కలిశాను. ఆమె ట్రాలీ అనే దూరపు ఊరి నుంచి వచ్చిన, వయసులో చిన్నమ్మాయి. ఆమె మాట్లాడే వేగానికి నా చెవులు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాయి. అన్నం మా రోజువారీ తిండే కానీ పేదరికం కాదని, ముందే కూర్చుకున్న నాలుగు వాక్యాలూ చెప్పేశాను. ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

"నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పు నాదే" అంది. వెంటనే, "ఒకటి అడగనా? పోయినేడు మేం వండిన అన్నం జిగురులా అయిపోయింది. ఈసారి మీరు వండిపెడతారా?" అంది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "కొట్లాడనీకి పోయి వంట ఒప్పుకొని వచ్చినవా? అరవై మందికి గంజి వంచుడు నీకొస్తదా?"

"వస్తది" అన్నాను. నిజానికి రాదు. కూతురైతే ఒకటే మాట: "డోన్ట్ కమ్, డాడీ."

శుక్రవారం పెద్ద గిన్నెలు అరువు తెచ్చుకుని వెళ్ళాను. వంటగదిలో సాయానికి చర్చి తరఫున ఒక ముసలావిడ వచ్చింది, ఎనభై ఏళ్ళుంటాయి. గిన్నె మూతికి గుడ్డ కట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకుని వంచుతుంటే, సింకులోకి పోయే తెల్లటి గంజిని చూసి ఆమె ఆగమంది.

"అది పారబోస్తావా?"

మా వైపు ఉప్పేసుకుని తాగేవాళ్ళమని చెప్పాను. ఆమె వెంటనే కప్పు తెచ్చి పట్టుకుని, ఉప్పు కలుపుకుని మొత్తం తాగింది. "ఆలుగడ్డలు ఉడికిన నీళ్ళు కూడా మా అమ్మ పారబోయనిచ్చేది కాదు" అంది.

అన్నం పొడిపొడిగా వచ్చింది. నాకు గర్వంగా అనిపించింది. హాల్లో పిల్లలు ప్రార్థన చేసి తినడం మొదలుపెట్టారు. మా పిల్ల ఆ చివర కూర్చుని నా వైపే చూడలేదు. ఆ బిస్కెట్ల స్నేహితురాలు రెండు చెంచాలు తిని, "మీ ఇంట్లో రోజూ ఇలా ఉత్తదే తింటారా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఆ చివర నుంచి, "నో! ఉత్తది ఎవరు తింటారు?" అని వినిపించింది. మా పిల్ల లేచి నిలబడింది. పప్పు ఎలా కలుపుతారో, మీద నెయ్యి ఎంత వేస్తారో, మామిడికాయ పచ్చడి తింటే కళ్ళలో నీళ్ళెలా వస్తాయో, చివర పెరుగన్నం ఎందుకు తినాలో, అచ్చమైన ఐరిష్ యాసలో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. "మాకూ అది కావాలి" అన్నారు ఇద్దరు ముగ్గురు. "ఈ రోజుకి మాత్రం ఉత్తదే" అంది టీచర్ నవ్వుతూ.

ఇంటికి నడుస్తున్నప్పుడు అది అడిగింది, ఇంగ్లిషులోనే: "ఆ ఫొటోలో పాపకి పప్పు లేదా?"

"ఉండకపోవచ్చు బిడ్డా."

నేను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలం సంగతి చెప్పాను. అద్దె కట్టాక ఏమీ మిగలక, రెండు వారాలు అన్నం, పచ్చడితోనే గడిపాను.

"అప్పుడు నువ్వు పూరా?"

"కొంచెం."

సోమవారం పొద్దున అది వంటింటి అలమరలోంచి కందిపప్పు ప్యాకెట్టు తీసి, "ఆ పాపకి" అంటూ బ్యాగులో పెట్టుకుంది. టీచర్ కాదనకుండా తీసుకుని, ఊదారంగు గుడ్డ పరిచిన ప్రార్థన బల్ల మీద, కొవ్వొత్తి పక్కన పెట్టిందట.

సెలవులకు ముందు రోజు బడి మొత్తం చర్చిలో ఈస్టర్ వేడుక చేసుకుంది. మా పిల్ల పాటల బృందంలో ఉంది. నేను చివరి వరుసలో కూర్చున్నాను. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక తికమకపడుతుంటే, వంటగది ముసలావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. లేవాల్సిన ప్రతిసారీ నా మోచేతి మీద తట్టేది. ఒకసారి ఆవిడే పొరబడి ముందుగా లేచింది, ఆమెను చూసి నేనూ లేచాను. చర్చిలో మిగతా అందరూ కూర్చునే ఉన్నారు. ఇద్దరం నవ్వు ఆపుకుంటూ మళ్ళీ కూర్చున్నాం. ముందు పిల్లలు పాట ఎత్తుకున్నారు.