ఎవరూ ఊదని సీసా

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, ఒట్లు వెయ్యం. అందుకని వెయ్యను. కానీ ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పిన టీచరును నేను. ఇది కట్టుకథ అనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు... ఎవరూ లేవడం లేదు కదా. సరే, వినండి.

ఎనభైల మొదట్లో సంగతి. మేం అంబాజీపేట పక్కనే ఉండేవాళ్లం. మావారు మస్కట్‌లో పనిచేసేవారు. ఇంట్లో నేను, మా ప్రసాదు. వాడికి అప్పటికి ఇరవై మూడేళ్లు. చిన్నప్పుడు కోరింతదగ్గు వచ్చి ఎడమ ఊపిరితిత్తి అడుగుభాగం పాడైపోయింది. ఇప్పుడైతే ఏకంగా ఊపిరితిత్తులే మార్చేస్తున్నారట. అప్పుడు ఆ మాట ఎవరు విన్నారు? పాడైన ముక్క కోసి తీసేస్తామని మద్రాసులో డాక్టరు గారు అన్నారు. అయితే ఒక షరతు పెట్టారు.

రెండు గాజు సీసాలు ఇచ్చారు. రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు గొట్టం, ఊదడానికి ఇంకో గొట్టం. ఊదితే ఈ సీసాలో నీళ్లు ఆ సీసాలోకి వెళతాయి. "పది ఊపిరుల్లో సీసా మొత్తం దాటించగలిగితే తీసుకురండి. లేకపోతే నేను కత్తి పెట్టను. బల్ల మీదే పోతాడు" అని నా మొహం మీదే చెప్పేశారు.

రెండు నెలలు మాకు అదే పని. నీళ్లు బాగా కనబడాలని నీలిమందు కలిపేదాన్ని. పొద్దున్నే వాణ్ని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వాల్చి, అరచెయ్యి గుంటగా వంచి వీపు మీద టపటపా తట్టేదాన్ని. అలా తడితే కఫం కదులుతుంది. మీసాలొచ్చిన కొడుకు, సిగ్గుతో చచ్చిపోయేవాడు. "తలుపేసి కొట్టమ్మా, కాయలు దింపేవాళ్లు చెట్ల మీంచి చూస్తన్నారు" అని గోల. ఆ తరవాత కూర్చుని ఊదేవాడు. పది ఊపిరులకు ముప్పావు సీసా దాటేది. అక్కడ ఆగిపోయేది. వాడు నా మొహం చూడకుండా గొట్టం పక్కన పెట్టేవాడు.

రెండు నెలలూ అయ్యాయి, మద్రాసుకి రాజమండ్రిలో సాయంత్రం రైలెక్కాలి. ముందు రోజు చీకటి పడుతుండగా పాస్టరు గారిని, ఇరుగుపొరుగును పిలిచి ఇంట్లో ప్రార్థన పెట్టాను. ఎంత చిన్న ప్రయాణమైనా మాకు అది అలవాటు. ప్రార్థన అయింది, టీలు అయ్యాయి. పక్కింటి సైన్సు మాస్టారికి ఊరుకోబుద్ధి కాలేదు. "ఏదండీ టీచరు గారూ, ఓసారి నేనూ చూస్తాను" అని గొట్టం నోట్లో పెట్టుకున్నారు. అంతే, ఇల్లు తీర్థం, జాతర అయిపోయింది. ఒకరి తరవాత ఒకరు. మాస్టారు సగం సీసా దాటించి గోడకు చేరబడ్డారు. పాస్టరు గారు రెండు ఊపిరులకే దగ్గు అందుకున్నారు.

"తమరు పాటలైతే బాగానే పాడతారు కదండీ" అన్నాడు ప్రసాదు.

"ఆయ్, పాటకి ఇంత ఊపిరి అక్కర్లేదు బాబూ" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ.

వాడు పడీ పడీ నవ్వాడు. ఎన్నాళ్లకో అలా నవ్వడం. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నేనూ గొట్టం అందుకుని ఊదాను. బుద్ధి ఉండక్కర్లేదూ?

అందరూ వెళ్లాక చూసుకుంటే గొట్టం నిండా ఊరందరి ఎంగిలి. ఆ ఛాతీకి చిన్న జలుబు అంటినా ఆపరేషను ఆగిపోతుంది. పొయ్యి మీద నీళ్లు సలసలా మరిగించి, గొట్టాలు అందులో వేసి, సీసాలు తోమి, అన్నీ మళ్లీ బిగించాను. ఒక సీసా నిండా నీలిమందు నీళ్లు పోసి వాడి గదిలో బల్ల మీద పెట్టాను. రెండు సీసాలూ ఒకే బల్ల మీద, పక్కపక్కనే. తెల్లవారి వాడు ఆఖరుసారి ఊదాలి. దాటితే మద్రాసు. దాటకపోతే... ఆ మాట ఇద్దరం అనుకోలేదు.

రాత్రి ఎంతయిందో తెలియదు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దానికి నాకు మెలకువ వచ్చింది. దూరంగా కాలువ గట్టున కప్పలు. వాటి మధ్యలో ఇంకో చప్పుడు...

బుడుక్... బుడుక్... బుడుక్...

ఆగింది.

మళ్లీ... బుడుక్... బుడుక్...

పిచ్చి సన్నాసి, భయపడి నిద్ర మానుకుని ఊదుతున్నాడు అనుకున్నాను. కోపం వచ్చింది. లాంతరు వెలిగించుకుని వాడి గదిలోకి వెళ్లాను.

ప్రసాదు మంచం మీదే ఉన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంచి నిద్ర. ఛాతీలోంచి ఎప్పుడూ వచ్చే పిల్లికూతలు సన్నగా వినబడుతున్నాయి. బల్ల వాడికి నాలుగడుగుల దూరం. ఊదే గొట్టం బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతోంది. దాని దగ్గర ఎవరూ లేరు.

నీళ్లు కదులుతున్నాయి.

నా కళ్లతో చూశాను. లాంతరు వెలుగులో ఆ నీలం నల్లగా కనబడుతోంది. ఈ సీసాలో తగ్గుతోంది... ఆ సీసాలో పెరుగుతోంది. కాసేపు కదిలి ఆగుతోంది. మళ్లీ కదులుతోంది. ఎవరో ఊపిరి పీల్చుకుని మళ్లీ ఊదుతున్నట్టే ఉంది.

ప్రార్థన కూడా చెయ్యలేదు. అంత చదువుకున్నదాన్ని... ఏం చేశానో తెలుసా? వంగి ఆ గొట్టం మూతిని బొటనవేలితో మూసేశాను.

చప్పుడు ఆగింది. నీళ్లు ఆగాయి. నా వేలు లోపలికి లాగినట్టయింది... మెత్తగా.

అప్పుడు తెలిసింది. పిల్లికూతలు కూడా ఆగిపోయాయి.

తల తిప్పి చూశాను. వాడి వీపు కదలడం లేదు. ఒకటి... రెండు... మూడు... బొటనవేలు తీద్దామంటే చెయ్యి నా మాట వినలేదు. ఎలా లాక్కున్నానో లాక్కున్నాను. బుడుక్ మంది. మంచం మీద వాడు పెద్దగా ఊపిరి పీల్చి, అటు నుంచి ఇటు తిరిగాడు. మళ్లీ పిల్లికూతలు.

ఇంక నేను కదిలితే ఒట్టు... చూశారా, ఒట్టు అనేశాను. ఆ గొట్టం మూతి ఎక్కడా ఆనకుండా రెండు చేతులతో గాలిలో పట్టుకుని నేల మీద కూర్చున్నాను. దోమలు కుట్టాయి, కాళ్లు తిమ్మిరెక్కాయి. పట్టుకునే ఉన్నాను. కోడికూత వేళకు ఆఖరి చుక్క దాటింది. ఈ సీసాలో ఏమీ లేదు.

వాడు లేచి చూశాడు. సీసా వైపు, నా వైపు.

"అమ్మా, ఇదేంటి? నిద్దట్లో నేనే ఊదేసేనా?"

జీవితంలో మొదటిసారి వాడితో అబద్ధం చెప్పాను. "ఊదేవు నాన్నా. నేను చూసేను. మొత్తం దాటించేవు" అన్నాను.

వాడి మొహం మీరు చూడాల్సింది. పళ్లు కూడా తోముకోలేదు. నీళ్లు మళ్లీ మొదటి సీసాలోకి పోయించి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఊదాడు. నేను గట్టిగా లెక్కపెట్టాను. తొమ్మిదో ఊపిరికి సీసా ఖాళీ. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతులు వేశాం. ఆ గెంతులకు వాడికి దగ్గు వచ్చింది, అయినా గెంతాం. మధ్యాహ్నం బస్సెక్కి రావులపాలెం మీదుగా వెళ్లిపోయాం. మద్రాసులో ఆపరేషను జరిగింది. వాడు బతికాడు. మీకందరికీ తెలిసిన మనిషే కదా.

తిరిగొచ్చాక సైన్సు మాస్టారిని ఒక్కర్నీ అడిగాను. ఆయన కాయితం మీద బొమ్మ గీశారు.

"మీరు కడిగి బిగించినప్పుడు గొట్టాలు మారిపోయి ఉంటాయండి. నీళ్లు వాటంతటవే లాక్కుంటాయి" అన్నారు.

"మొత్తం సీసా అంతానా అండీ?"

ఆయన బొమ్మ వైపు చూశారు. "రెండూ ఒకే ఎత్తులో ఉంటే అలా రాకూడదండి మరి. బల్ల వాలుగా ఉందేమో."

బల్ల వాలుగా లేదు. గోళీ పెట్టి చూశాను. దొర్లలేదు. వాడి ఊపిరి ఆగిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఏమని చెప్పను? నిద్రలో అలాంటి దగ్గుమనిషికి ఊపిరి ఓ క్షణం ఆగడం మామూలే అంటారు. కావచ్చు. సరిగ్గా అప్పుడే ఆగింది. నా వేలు తీయగానే వచ్చింది. అది ఎవరి ఊపిరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రసాదు మాత్రం కనబడినవాళ్లందరికీ గొప్పగా చెబుతాడు, నిద్దట్లోనే సీసా దాటించేసేనండీ అని. మీకూ చెప్పే ఉంటాడు. ఈసారి చెప్పినప్పుడు కూడా అవునా బాబూ అని వినండి. నేను చెప్పింది వాడితో అనకండి.