పళ్లెంలో నేను జరిపిన కార్డు

పందొమ్మిదేళ్లుగా ఒక అట్టముక్క నా గుండెల మీద బరువుగా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కృష్ణా జిల్లా గూడూరు దగ్గర మా ఊరి చర్చిలో జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక వాగ్దానం కార్డులు తీస్తాం. పళ్లెంలో బోర్లించిన వాటిలోంచి ఎవరికి వారు ఒకటి తీసుకోవాలి. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు వాళ్లతో అన్న మాట. నా దస్తూరి బాగుంటుందని కార్డులు నేనే రాసేదాన్ని. పళ్లెం పట్టుకునేదీ నేనే.

ఆ ఏడు సువార్తకి కువైట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. మా వీధి పిల్లే, నన్ను అక్కా అనేది. మంచాన పడ్డ మా అమ్మకి రోజూ పొద్దున్నే వచ్చి పుండ్లు కడిగి కట్టు కట్టేది. తను ఉండబట్టే నేను గుడివాడ వెళ్లి స్కూల్లో పాఠాలు చెప్పుకోగలిగాను. వెళ్లాలో వద్దో తేల్చుకోలేక, కార్డులో దేవుడేం చెప్తే అదే చేస్తానంది.

నాకు అక్కడే పాడుబుద్ధి పుట్టింది. కరువు రోజుల్లో ఇస్సాకుని ఐగుప్తుకి వెళ్లొద్దని, ఆ దేశంలోనే ఉండమని దేవుడు చెప్పిన వాక్యం వెతికి మరీ రాశాను. సువార్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని చెయ్యి చాపింది. ఆ కార్డుని బొటనవేలితో తన వేళ్ల కిందికి జరిపాను. చదువుకుని ఏడ్చింది. తర్వాత "సరే ప్రభువా" అంది. నాకేసి ఒక్కసారి అనుమానంగా చూసినా బాగుండేది. చూడలేదు.

మా అమ్మ ఎనిమిది నెలలకే పోయింది. సువార్త మాత్రం ఉండిపోయింది, ఊరి క్లినిక్‌లో సూదిమందులు వేస్తూ. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఉద్యోగం ఎటూ పోయింది, ఇప్పుడు చెప్పి తనని బాధపెట్టడం దేనికి అనుకున్నాను. అది జాలా? కాదు, పిరికితనం. నమ్మించి గొంతు కోశాను, అదీ దేవుడి పేరు చెప్పి.

కరోనాలో అయినవాళ్లే గడప తొక్కని ఇళ్లకి సువార్త వెళ్లింది. తర్వాత పాస్టరు గారు ప్రసంగంలో, యేసుకి కావాలని అడగగానే గాడిదను తోలుకెళ్లనిచ్చిన పేరు తెలియని మనిషిని, యజమాని నయమానుకి కుష్ఠు నయమయ్యే దారి చెప్పిన పనిపిల్లని తలుచుకుని, ఇలాంటి మామూలు విశ్వాసుల విధేయతతోనే దేవుడు తన పని జరిపించుకుంటాడని, మన సువార్తే సాక్ష్యమని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సిగ్గు విడిచి చెప్తున్నాను, కొన్నాళ్లు ఆ ప్రసంగం నాకు హాయిగానే ఉంది. నా అబద్ధాన్ని కూడా దేవుడు మేలుకే వాడుకున్నాడు కదా అని. కానీ యోసేపు విషయంలోనూ అలాగే జరిగింది, అయినా తమ్ముణ్ణి బానిసగా అమ్మేసిన అన్నలు అమ్మేసినవాళ్లే. విధేయత సువార్తది. తను దేవుడికి ఇచ్చినదాన్ని మధ్యలో నేను కాజేశాను.

పోయిన ఆదివారం చర్చి బయట నన్ను ఆపింది.

"అక్కా, మా మేనకోడలికి జర్మనీలో ఉద్యోగం వచ్చిందండి. వెళ్తానని గొడవ. కార్డు తీశాక చూద్దాం అని నేనే ఆపాను."

"దానిష్టం దానిది కదా, సువార్తా."

"అదేంటక్కా అలా అంటారు? దేవుడు నాకు చెప్పలేదా? ఇదిగో, దానికి ఇదే చూపించాను." బైబిల్లోంచి ఆ కార్డు తీసింది. అంచులు నలిగాయి, నా అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. "ఈసారీ మీ చేత్తోనే రాయండి."

సరే అన్నాను. ఏం మనిషిని నేను?

ఇవాళ కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ రాయలేదు. ఇది రాశాను. మీకని మొదలుపెట్టినా, ఇప్పుడే తీసుకెళ్లి సువార్తకే ఇస్తాను. క్షమించమని అడగను. దేవుడిదనుకుని పందొమ్మిదేళ్లు దాచుకున్న మాట నాదని తెలిశాక, తనకి దేవుడైనా మిగులుతాడో లేదో తెలియదు. నా భయమంతా అదే. అయినా గుండె కాస్త తేలికపడింది, అందుకూ సిగ్గుగానే ఉంది.

ఈ కాగితాన్ని మాత్రం బోర్లించి ఇవ్వను.