అడవికి బదిలీ అడిగాను

ఖమ్మంలో మేం కిరాయికున్న సందు మొదట్లో ఒక బెల్టు షాపు ఉండేది. బయటికి కిరాణా కొట్టు, లోపల మందు. పొద్దుగూకేసరికి ఆ అరుగు మీద పాత కక్షలు, కొత్త బూతులు అన్నీ చేరేవి. నేను ఏఎన్ఎంని. పిల్లలకు సూదులు వేసి, గర్భిణుల బీపీలు చూసి ఇంటికి వచ్చేసరికి గొడవ మొదలయ్యేది. నా భర్త ఆటో నడుపుతాడు. ఆయన వచ్చేసరికి గొడవ అయిపోయి సీసా పెంకులు మిగిలేవి. ఆ సందులో మంచివాళ్ళు లేరని కాదు. నాకు జ్వరమొస్తే ఎదురింటామె మూడు రోజులు జావ కాచి పంపింది. కానీ మంచివాళ్ళంతా సాయంత్రం కాగానే తలుపులు వేసుకునేవాళ్ళు.

అక్కడ బతకడానికి నేను ఒకటే నేర్చుకున్నాను. ఎవరేం అడిగినా చూడలేదు, వినలేదు, తెలియదు. ఎవడి మీదైనా నోరు జారితే సాయంత్రం వాడే వచ్చి మన గుమ్మం ముందు నిలబడతాడు.

ఒకరోజు పొద్దున్నే ఒక కానిస్టేబుల్ వచ్చి తలుపు కొట్టాడు. ముందు రోజు మా కిటికీ కింద ఇద్దరు తలలు పగలగొట్టుకున్నారు. "నిన్న ఎవరెవరు కొట్టుకున్నరమ్మా?" అని అడిగాడు. నేనింకా నోరు తెరవలేదు. నా చీర వెనక నుంచి నాలుగేళ్ళ మా పాప అంది: "మేం చూడలే సార్. మేం పండుకున్నం." అది అంతా చూసింది. ఎవరు ఎవరిని దేంతో కొట్టారో రాత్రి వాళ్ళ నాన్నకు నటించి మరీ చూపించింది. కానిస్టేబుల్ నవ్వి, "పిల్ల హుషారున్నది" అని వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. నా దూడ నాకంటే ముందే చేలో దిగింది.

మా శాఖలో అందరూ ఖమ్మం కోసం కాళ్ళరిగేలా తిరుగుతారు. నేను అడవి పక్కకు వెయ్యమని కాగితం పెట్టాను. క్లర్కు కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఏం తప్పు చేసినవమ్మా?" అని అడిగాడు. భద్రాచలం రోడ్డు నుంచి లోపలికి మళ్ళే దారిలో ఒక సబ్ సెంటర్ ఉంది. అక్కడి నర్సుతో, ఒకరి చోటుకు ఒకరం మారేలా మ్యూచువల్ కుదిరింది. ఆమె సంతోషంగా స్వీట్ డబ్బా తెచ్చింది కానీ, నేనెక్కడ మనసు మార్చుకుంటానో అని సంతకాలు అయ్యేదాకా మూత తియ్యలేదు. మధిరలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేస్తే, "కోరి కొరివితో తల గోక్కుంటున్నావే. అడివిలో పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అంది. "నేనే చూస్తానమ్మా, నర్సుని గదా" అన్నాను. ఆటోకు ఏ ఊరైనా ఒకటే అని నా భర్త అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపాల్లో సగం పోయాయి.

తొలకరికి ఆ ఊరు చేరాం. సెంటర్ వెనకే క్వార్టర్, వాకిట్లో ఒక మామిడి చెట్టు. మొదటి నెలంతా సాయంత్రం ఆరు కాగానే పాప తనంతట తనే వెళ్ళి గొళ్ళెం పెట్టేది. ఆ చప్పుడు వినీ వినీ పక్కింటి అవ్వ ఒకనాడు దాన్ని పట్టుకుంది. "గీ ఊళ్ళె దొంగలెవరున్నరు బిడ్డా, నేను తప్ప?" అని, దాని చేతిలోంచి జామకాయ లాక్కుని పరిగెత్తినట్టు చేసింది. పాప వెంటపడింది. ఇక ఆ తర్వాత సాయంత్రాలు అది అవ్వ ఇంట్లోనే దొరికేది.

అంతా బాగుందనుకుంటుండగా మామిడికాయలు వచ్చాయి. ఇంకా టెంక పట్టని లేత కాయలు. ఒకరోజు పన్నెండు కోసి పప్పు వండాను. మంచి పొరుగుదాన్ని కదా, ఒక గిన్నెడు అవ్వకు తీసుకెళ్ళాను. ఆమె గిన్నె అందుకుని, వాసన చూసి, కింద పెట్టింది.

"కొత్తలు కాలే గద తల్లీ" అంది.

ఆ ఊళ్ళో కొత్త కాయ ముందు దేవరకు. ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసేదాకా ఎవరూ చెట్టు ముట్టరు. తొమ్మిది నెలలుగా ఇల్లిల్లూ తిరిగి అందరి బీపీలు రాసుకున్నాను గానీ, ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోలేదు. పైగా దేవరకు పెట్టని కాయను వండి, పంచిపెట్టాను. ఊరు పొమ్మంటే ఎక్కడికి పోవాలి? మళ్ళీ ఆ సందుకేనా? పాప మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చోవాలా?

ఎండ చల్లబడ్డాక ఊరి పెద్ద మరో ఇద్దరితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"నర్సమ్మా, చెట్టు ఎవరు ముట్టిన్రు?"

"కొయ్యలే పెద్దయ్యా. గాలికి రాలినయ్, ఏరుకున్నం" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

మెట్టు మీద చింతగింజలు ఏరుకుంటున్న పాప తల కూడా ఎత్తలేదు. "కాదు తాతా. అమ్మనే కోసింది, దోటితోని. నేను కింద గంప పట్టుకున్న" అంది.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"అవ్ పెద్దయ్యా. తెల్వక కోసిన."

"తెల్వక కోసినవ్, సరే. అబద్ధమెందుకు ఆడినవ్?"

"భయమైంది."

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. మాలో భయపెట్టేవాడు ఎవడా అన్నట్టు పక్కనున్న ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. వాళ్ళలో ఒకతను నవ్వేశాడు. తప్పు కింద పండుగకు ఒక కోడి, ఒక కొబ్బరికాయ ఇవ్వమన్నారు. అప్పటిదాకా చెట్టు జోలికి పోవద్దన్నారు. పోతూపోతూ పెద్దాయన తన మోకాలి నొప్పికి మాత్రలు అడిగి తీసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను మెట్టు మీద కూలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా గుండెల మీది బండ ఎవరో దించినట్టుగా ఉంది.

"నువ్వట్ల ఎందుకు చెప్పినవమ్మా?" అని అడిగింది పాప.

"అలవాటు బిడ్డా. ఖమ్మంల ఉన్నప్పటి అలవాటు. నువ్వు కూడా చెప్తుంటివి గదా."

"నేనా?" అంది. నేను దాన్ని ఆటపట్టిస్తున్నాననుకుని కాసేపు నా ముఖంలోకి చూసింది. నిజంగానే దానికేమీ గుర్తులేదు. నేను గుర్తు చెయ్యలేదు.