పాలబండిలో పడకలు

ఆ రోజుల్లో మా వైపు కారవాన్ అనే మాట ఎవరికీ తెలియదు. ఇల్లంటే కదలనిది, బస్సంటే నిలవనిది. ఈ రెండూ ఒకటే అయ్యే వింత ఎక్కడో ఉందని ఎవరైనా చెబితే, పులివెందుల బస్టాండులో పక్కవాడు వాడి నోరు వాసన చూసేవాడు. అలాంటి చోట పాత రూటు బస్సుకు మంచాలు బిగించి, కిటికీలకు పూల తెరలు కట్టి, చింతమాన్ల కింద నిలబెట్టి పట్నం వాళ్లను పిలిచిన మొనగాళ్లం మా మామ, నేను. ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే పచ్చిమిరపకాయ కొరికినట్టు మంట కూడా వస్తుంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు ఆయన సొంత బస్సు తిరిగేది. పొద్దుటి ట్రిప్పులో పాలక్యాన్లు ఎక్కేవి కాబట్టి అందరూ దాన్ని పాలబండి అనేవారు. నేను డిగ్రీ చేతపట్టుకుని అందులోనే కండక్టరుగా చేరాను (పెళ్లి సంబంధాల వాళ్లకు మా ఇంట్లో 'ట్రాన్స్‌పోర్టులో చేస్తాండాడు' అని చెప్పేవారు). మామకు ఒక గట్టి పట్టింపు ఉండేది. రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోతే బండికి అరిష్టమని. స్టాపుతో పని లేదు, సీటుతో పని లేదు. "చెయ్యెత్తినోళ్లను ఇడిసిపెట్టి పోతే ఆ చెయ్యి మన ఎనకాలే వస్తాదిరా అల్లుడా" అనేవాడు. పెళ్లి ఊరేగింపులో చిందులేస్తూ చెయ్యెత్తినవాడి కోసం కూడా బ్రేకు తొక్కిన మనిషి ఆయన. వాడు ఎక్కకుండా ఇంకో చెయ్యి కూడా ఎత్తి ఆడుతుంటే, పాపం, కాసేపు ఎదురుచూశాడు కూడా.

తర్వాత ఆటోలు వచ్చాయి. ఇంటి ముందే ఎక్కించుకుని ఇంటి ముందే దించే ఆటోలు వచ్చాక, ఏళ్ల తరబడి మామా మామా అని పిలిచిన జనమే పాలబండి హారన్ వినబడితే మొహం అటు తిప్పుకోవడం మొదలుపెట్టారు. బస్సును పాత ఇనుముకు వేయడం తప్ప దారి లేదనుకుంటున్నప్పుడు, గండికోట చూడడానికి వచ్చిన ఒక బెంగళూరు సారు మా బస్సెక్కి ఈ కారవాన్ సంగతి చెప్పాడు. పట్నం వాళ్లను అడవులకూ కొండలకూ తిప్పడం ఆయన వ్యాపారం. "మీరు బస్సును ఇల్లులాగా తయారు చెయ్యండి. నేనూ మా మిసెస్సూ వచ్చి రెండు రోజులు ఉంటాం. నచ్చిందంటే చలికాలమంతా మీ బండికే గెస్టులను పంపిస్తా" అన్నాడు. ఆయన మెచ్చితే బండి బతుకుతుంది, లేకపోతే ఇనుప కొట్టుకు పోతుంది. అంతే లెక్క. మామ అత్త మెడలో గొలుసు తీసుకుపోయి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తాకట్టు పెట్టేసి, సీట్లు పీకించి మంచాలు వేయించాడు. హారన్ మాత్రం మార్చనివ్వలేదు. "గొంతు మారిస్తే అది మన బండి ఎట్లయితాదిరా?" అన్నాడు.

సారునూ మేడమ్‌నూ ముద్దనూరు రైల్వే స్టేషన్‌లో ఎక్కించుకున్నాం. మామ పట్టింపు తెలిసినవాణ్ని కాబట్టి ముందుచూపుతో డ్రైవరు సీటుకు ఎడమవైపు అద్దానికి ఒక దుప్పటి కట్టాను, దారిలో ఎత్తిన చేతులు ఆయన కంట పడకుండా. దుప్పటి అవతల ఎవరో "మామో!" అని అరిచినప్పుడల్లా ఆయన కాలు బ్రేకు మీదికి పోవడం నేను చూశాను. అయినా ఓర్చుకున్నాడు. జమ్మలమడుగు దాటాక కొండవారనున్న పాత చింతతోపులో బండి నిలిపాం. ఇద్దరు ముగ్గురు చేతులు పట్టుకున్నా చుట్టు అందని మాన్లు. సారు ఒక మానును కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. రాయల కాలంలో నాటినవి సార్, అని నేను కోతలు కోశాను. "ఏం రాయలప్పా, మా జేజినాయన నాటినాడు" అని మామ నా పరువు తీశాడు. పైగా చింతచెట్టు కింద పడుకోకూడదని ఆయన మంచం తోపు బయట వేసుకున్నాడు. ఎందుకని మేడమ్ అడిగితే, గాలి కోసమని చెప్పి ఆమెను నమ్మించడానికి నా డిగ్రీ చదువంతా ఖర్చయిపోయింది.

వన్యప్రాణుల విషయంలో మాత్రం ఏ లోటూ జరగలేదు. నెమళ్లు బస్సు టాపెక్కి అరిచాయి. పొద్దు వాలే వేళకు అడవిపందులు పిల్లలతో సహా వచ్చి మా సంగటి గిన్నె బోర్లించాయి. ఒక కొండముచ్చు నేరుగా బస్సులోకే వచ్చి, మేడమ్ మంచం మీద కూర్చుని, పులివెందుల నుంచి తెచ్చిన అరటిగెల ఖాళీ చేసి, ఆమె దిండుకు చేతులు తుడుచుకుని పోయింది. మా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ సారు చప్పట్లు కొట్టాడు. "ఇదే కదా కావాల్సింది! వాటి ఇంటికి మనం వచ్చాం, అవి మన ఇంటికి వస్తే తప్పేముంది?" అన్నాడు. ఎంత గొప్ప మాట! మామ నన్ను పక్కకు పిలిచి, "మనిషి శానా మంచోడురా, దేవుడే పంపినాడు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం నాకు చలికాలమంతా గెస్టులతో నిండిన పాలబండే కళ్లముందు కనబడింది.

మర్నాడు తెల్లవారగానే కోట దగ్గర నిద్ర లేవాలని మేడమ్ కోరిక. వాళ్లు పడుకునే ఉంటారు, బండి కదలాలి. కారవాన్ సుఖమంతా అందులోనే ఉందట. మామ స్టీరింగు పట్టాడు, నేను వెనక టీ నీళ్లు పెట్టాను. రోడ్డు ఎక్కే మలుపులో మామ అలవాటుగా హారన్ కొట్టాడు. అదే హారన్, అదే వేళ. నా దుప్పటేమో మంచు తుడవడానికని మామ అప్పటికే విప్పేశాడు. బండి ఆగింది. నేను బయటికి తొంగి చూసేలోపు తలుపు తెరుచుకుని, "పాలబండి మళ్లా వచ్చిందే!" అంటూ పూలగంపలు, చీనీకాయల సంచులు, ఒక మేకపిల్ల, వాటి వెనకాల మనుషులు ఎక్కేశారు. అందరికంటే ముందు చెయ్యెత్తిన అవ్వ చేతిలో సద్దిగిన్నె ఉంది. ఆమె కూతురు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కాన్పుకు చేరిందట. ఆటోవాడు ఇంకా మంది రావాలని కదలలేదట. అవ్వ మేడమ్ మంచం అంచున కూర్చుని, దుప్పటి తొలగిన ఆమె కాళ్లు చూసి, "అయ్యో, సలి పెడతాండాది బిడ్డకు" అని కప్పబోయింది.

మేడమ్ వేసిన కేకకు మేకపిల్ల కూడా కేక వేసింది. సారు లేచి చూశాడు. నిన్న కొండముచ్చును చూసినప్పటి మొహం కాదది. "వాట్ ఈజ్ దిస్? ఎవరు వీళ్లంతా? దించెయ్యండి ముందు!" అన్నాడు. నేను ఆయన మాటే ఆయనకు గుర్తు చేశాను, వాళ్ల దారికి మనం వచ్చాం కదా సార్, అని. "అది నేచర్ అయ్యా. ఇది న్యూసెన్స్" అన్నాడు. అవ్వకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. గిన్నె పట్టుకుని లేచింది. అప్పుడు మామ ఇంజన్ ఆపి వచ్చి, "నువ్వు కూచో అవ్వా" అన్నాడు. సారు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "తప్పే సార్. ఎక్కించుకోకుండా ఉండాల్సింది. కానీ ఎక్కినోళ్లను నడిదోవలో దింపేది మా బండికి అలవాటు ల్యా. ఆసుపత్రి కాడ ఈమెను దింపి, మిమ్మల్ని కోటకు తెస్తా." సారు ఒప్పుకోలేదు. ఫోన్ చేసి కారు పిలిపించుకున్నారు. వాళ్ల పెట్టెలు నేనే మోసి రోడ్డు పక్కన పెట్టాను.

పాలబండి చివరి ట్రిప్పు మహారాజుగా సాగింది. జనం మంచాల మీద కాళ్లు చాపుకుని, దిండ్లు ఒత్తి చూసి, "మామా, ముందే ఈ ఏర్పాటు చేసింటే మేం ఆటో ఎక్కుతామా!" అన్నారు. మర్నాడు వాళ్లే ఆటోలు ఎక్కారు. బండి ఇనుప కొట్టుకు పోయిందని తెలిసి "అయ్యో" అన్నారు. ఆ అయ్యో కూడా ఆటోలో పోతూ అన్నదే. వాళ్లను అని ఏం లాభం, కడుపు మంట కొద్దీ అంటున్నాను. అత్త మెడ బోసిగానే ఉండిపోయింది. మామ ఆ తర్వాత వేరేవాళ్ల బండి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పోయేముందు రోజుల్లో కూడా రోడ్డు మీద హారన్ వినబడితే మంచం మీద కుడికాలు కదిలేది.

ఇప్పుడు ఆ చింతతోపు చుట్టూ కంచె ఉంది. బెంగళూరు నుంచి తెచ్చిన తెల్లటి కారవాన్లు వరసగా నిలబడి ఉంటాయి. తోపు కొని ఈ వ్యాపారం పెట్టిన సారు దాన్ని ఎవరికో అమ్మాడు, వాళ్లు ఇంకెవరికో అమ్మారు, చివరికి మేనేజరుగా దొరికింది నేను (మళ్లీ 'ట్రాన్స్‌పోర్టులోనే' అనుకోండి). గేటు మీద బోర్డు రాయించింది కూడా నేనే: వన్యప్రాణులకు దారి ఇవ్వండి, బయటివారికి ప్రవేశం లేదు.

మొన్న పొద్దున కంపెనీ కారులో వస్తుంటే, అదే మలుపులో ఒక అవ్వ చెయ్యెత్తింది. నా తలకాయ ఆలోచించేలోపే నా కాలు బ్రేకు తొక్కింది. కారు ఆపి, ముందు తలుపు తీసి, ఎంతో గొప్పగా, "యాడికవ్వా? ఎక్కు, దింపుతా" అన్నాను. ఆమె నన్నూ కారునూ కిందికీ పైకీ చూసి, నా వెనక చెట్టు వైపు మళ్లీ చెయ్యి విసిరింది.

"నీకు గాదప్పా చెయ్యెత్తింది. ఆ కోతిని అదిలిస్తాండా. నువ్వు పో."

కోతి పోయింది. అవ్వ కూడా పోయింది. నేను మాత్రం తలుపు తెరిచిపెట్టుకుని, కాలు బ్రేకు మీదే ఉంచుకుని, మామ ఆ చిందులేసేవాడి కోసం ఎదురుచూసినట్టు, కాసేపు అక్కడే ఉన్నాను.