నీడలో కూర్చున్నవాళ్ళ లెక్క

మొన్న ఆదివారం మా అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టి, లెక్కలు తెలిసినవాడివి కదా నాయనా, దీన్ని కాస్త పూర్తి చేసి పెట్టు అంది. తను చదివే యూనివర్సిటీలో పిల్లలు కూర్చుని చదువుకోవడానికి కొత్త భవనం కడతారట. అది ఎలా ఉండాలో పిల్లలనూ సిబ్బందినీ అడుగుతూ ఒక ఫారం పంపారు. గుండ్రటి బల్లలు కావాలా, సోఫాలు కావాలా, గోడలకు ఏ రంగు, ఒక్కోదానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు, ఇలా మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. పై నుంచి కిందికి రెండుసార్లు చదివాను. నీడ అన్న మాట ఒక్క చోటా కనిపించలేదు. ఎండాకాలం ఏడు నెలలుండే మా అనంతపురంలో నీడ మాట లేకుండా పద్నాలుగు ప్రశ్నలు ఎలా అడగగలిగారో నాకు అర్థం కాలేదు. ఫోను పక్కన పెట్టి, బీరువా మీదున్న రేకు పెట్టె దించి, పాతికేళ్ళ కిందటి గళ్ళ నోటు పుస్తకం బయటికి తీశాను.

నేను ఆ యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ సెక్షన్లో మూడేళ్ళు కొలతలకు టేపు పట్టే పని చేశాను. ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, అక్కడ ఊడ్చే పనిలో ఉన్న మా చిన్నమ్మ నలుగురి కాళ్ళావేళ్ళా పడి చేర్పించింది. శాతాలు, సగటులు నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల అంగట్లో కొన్న ఒక లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని, అట్ట ఊడిపోయేదాకా చదివి నాకు నేనే నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళ మధ్య తిరిగేటప్పుడు నా దగ్గర ఉన్న పట్టా అదొక్కటే.

అప్పట్లో లైబ్రరీలో చదువుకునే గది ముప్పై మందికి మించి పట్టేది కాదు. కొత్త హాలు కట్టాలనుకున్నప్పుడు పైనున్న ఒక పెద్దాయన, ఆయన ఎక్కడ చూసి వచ్చారో గాని, దాన్ని వాడేవాళ్ళను అడక్కుండా నక్షా గీయవద్దన్నారు. నలుగురు విద్యార్థులు, ఇద్దరు లెక్చరర్లు, లైబ్రరీ ఉద్యోగి ఒకరు, ఆ ఆవరణ అంతా ఊడ్చే మనిషి కాబట్టి మా చిన్నమ్మ, ఇలా ఒక కమిటీ వేశారు. పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ కూర్చుని చదువుతున్నారో లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. ఇరవై నాలుగు రోజులు, రోజుకు ఎనిమిదిసార్లు, ఆరు చోట్లు తిరిగాను: లైబ్రరీ పడమటి గోడ, దాని ఉత్తరపు అరుగు, తూర్పు మెట్లు, రెండు వేపచెట్లు, నీళ్ళ ట్యాంకు కింద. పిల్లలు నాకు తలకాయలన్న అని పేరు పెట్టారు. ఒకడు నన్ను చూసినప్పుడల్లా, "అన్నా, నన్ను పొద్దున ఆడ రాసుకుంటివి, ఇప్పుడు ఈడ రాసుకుంటాండావు, సాయంత్రానికి నేను నలుగురైతానేమో" అని నవ్వేవాడు. నేనూ నవ్వి ముందుకు వెళ్ళేవాణ్ణి. వాడి మాటలో ఎంత లెక్క ఉందో ఆ రోజు నాకు తట్టలేదు.

నక్షా కాగితం మీద చూస్తే అందరికీ అర్థం కాదని, ఇంటి పునాదికి పోసినట్టే నేల మీద ఉన్న కొలతకు ఉన్నట్టు సున్నంతో ముగ్గు పోయించారు. అలాంటిది మళ్ళీ నేనెక్కడా చూడలేదు. పిల్లలు కుర్చీలు తెచ్చుకుని ఆ గీతల మధ్య కూర్చున్నారు, తలుపు ఇటు జరపమన్నారు, కిటికీ అటు పెట్టమన్నారు, లైబ్రరీ ఉద్యోగి తన బల్ల ఎక్కడుండాలో నిలబడి చూపించాడు. చివర్లో మా చిన్నమ్మ చీపురు పక్కన పెట్టి, గుప్పెడు సున్నం తీసుకుని, హాలు చుట్టూ నాలుగు వైపులా పది అడుగుల దూరంలో ఇంకొక గీత లాగింది. తాడు కట్టకుండానే గీత తిన్నగా వచ్చింది. చుట్టూ వరండా, దాంట్లో కూర్చోవడానికి అరుగు, అంతే ఆమె అడిగింది. పిల్లలందరూ లేచి ఆ గీత లోపలికి వెళ్ళి నిలబడ్డారు.

ఆమెకు ఆ వరండా ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆమె కూతురు, అంటే మా చెల్లెలు, అక్కడే ఎమ్మే చదివేది. మా ఇళ్ళలో అంతదూరం చదివిన మొదటి మనిషి. తరగతులు పన్నెండుకు అయిపోయేవి, తల్లీ కూతుళ్ళు కలిసి ఊరికి పోయే బస్సు అయిదుకు. ముందు బస్సుకు ఇంటికి పోయినా ఉన్నది ఒక్క గది, అందులో సగం మా చిన్నాయన మగ్గం గుంత. ధర్మవరం సేట్లకు నేసే చీర పూర్తయి మగ్గం మీంచి దిగేదాకా ఆ చప్పుడు ఆగదు. ఆ అయిదు గంటలు ఆ పిల్ల చదువుకునేది లైబ్రరీ బయట నీడలోనే.

కమిటీ కూర్చునే ముందు రోజు సాయంత్రం నా పట్టిక అంతా తేటగా రాసి చిన్నమ్మకు చూపించాను. ఒక్కో చోటుకు ఒక్కో అడ్డ వరుస, చివర సగటు. ఉత్తరపు అరుగు తొమ్మిది, పడమటి గోడ పదకొండు, తూర్పు మెట్లు పన్నెండు; ఏ చోటా పన్నెండు దాటలేదు. ఆమెకు చదువు రాదు. నా చేత అంకెలన్నీ చదివించుకుని అన్నది:

"నాయనా, నువ్వు లెక్కబెట్టింది చోట్లనురా, పిల్లోళ్ళను కాదు. ఆడ తొమ్మిది మందీ, ఈడ పన్నెండు మందీ వేరే వేరే కాదు. వాళ్ళంతా ఒగటే గుంపు. నీడ యాడికి పోతాంటే ఆడికి పోతాండారు. నేను దినామూ వాళ్ళ కాళ్ళ కిందనే కదా ఊడ్చేది."

నిజమేనని నాకు అప్పుడే అనిపించింది, ఈ మాట దాచుకోను. కానీ ఆమె చెప్పినదాన్ని వేయడానికి నా పట్టికలో గడి లేదు. ఇరవై నాలుగు రోజుల పని ఒక్క రాత్రిలో తప్పని ఒప్పుకుంటే నా పట్టా చిరిగిపోయినట్టే అనుకున్నాను. చూస్తాలే చిన్నమ్మా అన్నాను. చూడలేదు.

మర్నాడు కమిటీలో నా అంకెలు చదివాను. ఏ చోటైనా పాతిక మంది వాడితేనే అక్కడ ఏదైనా కట్టాలని మా ఇంజనీరు ముందే అనుకుని వచ్చారు. నా కాగితం పైకెత్తి, "ఏమప్పా, తొమ్మిది మందికి వరండా కడితే రేపు మడకశిర గొర్రెలొచ్చి మాకూ ఒకటి కట్టమంటాయి" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరైనా చెప్పేది ఉందా అని ఆ పెద్దాయన అడిగారు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న చిన్నమ్మ నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆమె నోరు తెరిస్తే నా లెక్క తప్పవుతుంది, అందరి ముందూ నేను తప్పవుతాను. అది ఆమెకు తెలుసు. చీర కొంగు సర్దుకుని ఊరికే కూర్చుంది. మినిట్స్ పుస్తకంలో ఆమె వేలిముద్ర కూడా వేయించుకున్నారు, ఏకగ్రీవం అని.

హాలు కట్టారు. ఖాళీ జాగా ఉన్నది లైబ్రరీకి ఉత్తరాన ఒక్కచోటే కాబట్టి అరుగు పోయింది, రెండు వేపచెట్లూ పోయాయి. వరండా లేని గోడలు మధ్యాహ్నానికి కాలేవి, కరెంటు పోతే లోపల పది నిమిషాలు కూర్చోలేకపోయేవాళ్ళు. రెండో ఏడాదికల్లా అందులో పరీక్ష పేపర్ల కట్టలు పెట్టి తాళం వేశారు. మిగిలిన నీడలో చోటు చాలక మా చెల్లెలు కొన్నాళ్ళు బస్టాపు రేకుల కింద కూర్చుని చదివింది, తర్వాత పన్నెండు బస్సుకే ఇంటికి పోవడం మొదలుపెట్టింది. రెండు పేపర్లు పోయాయి. మళ్ళీ పరీక్ష ఫీజు కట్టలేదు. నాన్న పక్కన మగ్గానికి దారం ఆసు పోయడం నేర్చుకుని, తర్వాత తనే మగ్గం మీద కూర్చుంది. ఇప్పటికీ నేస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు, చిన్నమ్మ కూడా పోయేదాకా అనలేదు.

ఉద్యోగం మానేసి గది ఖాళీ చేస్తున్న రోజు, ఈ పుస్తకం చేతికొస్తే, ఏమీ తోచక ఆ పట్టికను అడ్డంగా కాకుండా నిలువుగా కూడాను. తొమ్మిది గంటలకు ఆరు చోట్లా కలిపి అరవై ఒకటి. పదకొండుకు యాభై ఎనిమిది. ఒంటిగంటకు అరవై మూడు. మూడుకు అరవై. అయిదు నిమిషాల పని. పాతిక కాదు, అరవై మంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

ఆ కాలంలో నేల మీద ముగ్గు పోసి, మనుషులను అందులో నిలబెట్టి అడిగారు. ఇప్పుడు వేలితో నక్షత్రాలు నొక్కమంటున్నారు. మన ఈడువాళ్ళకు అప్పుడే బాగుండేదని చెప్పుకోవడం తేలిక. నాకు ఆ తేలిక లేదు. అప్పుడు అడిగారు, తెలిసిన మనిషి ఎదురుగానే ఉంది, అయినా చుట్టూ గీసిన ఆ సున్నం గీత నాలుగు రోజుల గాలికి పోయింది. మా అమ్మాయిని, నువ్వు రోజుకు ఎన్నిసార్లు చోటు మారుస్తావమ్మా అని అడిగాను. నాలుగైదు సార్లు అంది, అది రాయడానికి ఇందులో జాగా లేదు నాయనా అంది.

పుస్తకంలో పెన్సిలు గీతలు మాసిపోతున్నాయి గాని అంకెలు ఇంకా కనబడుతున్నాయి. ఏ గంట చూసినా అరవై చుట్టూనే. పన్నెండు దాటాక ఆ అరవైలో ఒకటి మా చెల్లెలు. ఉత్తరపు అరుగు మీద, తూర్పు మెట్ల మీద, ట్యాంకు కింద, ఇరవై నాలుగు రోజులూ ఆమెను నేను ఒక్క గంట కూడా వదలకుండా లెక్కపెట్టాను.